గాయాలకు చికిత్స నేర్పిన మహనీయుడు: అబుల్ ఖాసిమ్ జహ్రావీ (రహ్మలై)

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. రోగాన్నీ, దాని నివారణనూ సృష్టించినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

హదీసువేత్తల, ఫిఖహ్ పండితుల జీవిత విశేషాలు మనం తరచుగా చదువుతుంటాం. తమ విద్యతో దైవదాసుల ప్రాణాలు కాపాడిన ముస్లిం వైద్యుల ప్రస్తావన మాత్రం మన ఇళ్ళలో అరుదు. అలాంటి వారిలో అగ్రగణ్యులు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ (రహ్మలై).

ఆయన ఉందులుస్ (నేటి స్పెయిన్) వాసి. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 ప్రాంతంలో ఖుర్తుబా నగరానికి సమీపాన మదీనతుజ్జహ్రా అనే కొత్త పట్టణాన్ని కట్టించడం ప్రారంభించాడు. జహ్రావీ అన్న పేరు ఆ పట్టణం వల్లే వచ్చింది. ఆయన వంశమూలాలు మదీనా అన్సార్లలో ఉన్నాయని చెబుతారు. దాదాపు యాభై ఏళ్ళ వైద్యానుభవాన్ని ఆయన అత్తస్రీఫ్ అనే ముప్పై భాగాల గ్రంథంలో పొందుపరిచారు. అది క్రీ.శ. 1000 ప్రాంతంలో పూర్తయింది. చివరి భాగం శస్త్రవైద్యానికి సంబంధించినది. అందులో దాదాపు రెండు వందల పరికరాల బొమ్మలున్నాయి. జంతువుల పేగు నుండి తీసిన సన్నని దారంతో కుట్లు వేయడం గురించి కూడా రాశారు.

శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టేవాడు ప్రాణాలు తీస్తాడని ఆయన శిష్యులను గట్టిగా హెచ్చరించారు. మిడిమిడి జ్ఞానంతో కొందరు వైద్యులు రోగులను చంపుకున్న సంఘటనలను ఉదాహరణలుగా చూపారు. ఆయన దృష్టిలో వైద్యం ఒక అమానతు. దాని విషయంలో అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలన్న భయం ఆయన రచనలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆ గ్రంథంలోని ఒక సంఘటన మన ఇళ్ళకు ఎంతో ఉపయోగకరమైనది. ఒక వ్యక్తికి కడుపులో పెద్ద గాయమై పేగు బయటకు వచ్చింది. దాదాపు ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉండిపోయింది. అతను బతకడని వైద్యులు ఆశ వదులుకున్నారు. జహ్రావీ (రహ్మలై) పేగును లోపలికి సర్ది చికిత్స చేశారు. ఆ చోట లేపనాలు లేవు, మందులు లేవు. ఆయన రోజుకు రెండుసార్లు గాయం మీద పాత దూది పెడుతూ, తేనె కలిపిన నీళ్ళతో కడుగుతూ వచ్చారు. సుమారు పదిహేను రోజుల్లో గాయం మానింది. ఖరీదైన మందు ఏదీ లేకుండానే నయమైనందుకు ఆయనే ఆశ్చర్యపోయారు. తేనెలో మానవులకు స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా తెలియజేస్తున్న విషయం మనకు తెలిసిందే.

గాయం ఎండితేనే మానుతుందని మనలో చాలామంది నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందిపిల్లల చర్మంపై చేసిన పరీక్షలో ఇందుకు భిన్నమైన సంగతి బయటపడింది. పల్చని పొరతో కప్పి తడి ఆరకుండా ఉంచిన పైపై గాయాలపై, గాలికి వదిలేసిన గాయాల కన్నా దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం ఏర్పడింది. మరుసటి సంవత్సరమే మనుషులపై జరిగిన పరీక్ష కూడా దీన్ని బలపరిచింది. కారణం సులభమే. కొత్త చర్మకణాలు గాయం అంచుల నుండి తడి ఉన్న చోట సాఫీగా పాకుతాయి. పైన పక్కు గట్టిగా కట్టితే దాని కింద దారి చేసుకుంటూ పోవాలి. ఎండి అతుక్కున్న గుడ్డను లాగితే ఆ కొత్త చర్మం కూడా ఊడిపోతుంది. జహ్రావీకి ఈ కారణాలు తెలిసి ఉండకపోవచ్చు. కాని ఆయన పద్ధతిలో శుభ్రతా ఉంది, తేమా ఉంది.

అయితే తేమ అంటే గాయాన్ని నీళ్ళలో నానబెట్టడం కాదు. చుట్టూ ఉన్న చర్మం మెత్తబడి తెల్లబారితే అదీ హానికరమే. వంటింటి తేనెలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. అందుకే గాయాలకు వాడే తేనెను ప్రత్యేకంగా శుద్ధి చేస్తారు. చీము పట్టిన, లోతైన, కాలిన గాయాలను, ముఖ్యంగా షుగర్ ఉన్నవారి కాలి పుండును ఇంట్లో ప్రయోగాలకు వదలకూడదు. ఆలస్యమైతే కాలే తీసేయవలసి రావచ్చు.

ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) గాయపడినప్పుడు హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు పోయగా, హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగారు. రక్తం ఆగకపోయేసరికి చాప కాల్చి ఆ బూడిద అద్దారు. దీన్ని చూపి నేడు పుండ్లపై పొయ్యి బూడిద చల్లడం సరికాదు. గాయాన్ని కడగడం, రక్తం ఆపడం, అందుబాటులో ఉన్న సాధనాన్ని వాడటం ఇందులోని పాఠం. నేడు మనకు శుభ్రమైన గాజుగుడ్డ, ధనుర్వాతం ఇంజెక్షన్, ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. వాటిని వాడుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

అంతర్యుద్ధంలో 1010 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా ధ్వంసమైంది. జహ్రావీ (రహ్మలై) హిజ్రీ 400 తర్వాత, క్రీ.శ. 1013 ప్రాంతంలో పరమపదించారు. భవనాలు కూలినా ఆయన విద్య నిలిచింది. 12వ శతాబ్దంలో శస్త్రవైద్య భాగం లాటిన్‌లోకి వెళ్ళి, ఐరోపా వైద్యులకు శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది. 1908లో మన దేశంలోనే లక్నోలో దాని అరబీ ప్రతి ముద్రితమైంది. మరణించిన తర్వాత కూడా పుణ్యం అందించే వాటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటి కదా!

ఈ మహనీయుణ్ణి అల్లాహ్ కరుణించుగాక! మన రోగులకు స్వస్థతను, మన పిల్లలకు ప్రజలకు ఉపయోగపడే విద్యను ప్రసాదించుగాక! ఆమీన్.