నీటికి వెరవని గడియారం: హాన్స్ విల్స్‌డార్ఫ్ జీవితం

చేతి గడియారానికి సహజ శత్రువులు రెండు: ఒకటి ధూళి, రెండవది నీరు. జేబు గడియారం కోటు మాటున సుఖంగా దాగి ఉంటుంది. మణికట్టుకు కట్టిన గడియారం మాత్రం మనతోపాటు వానలో తడవాలి, చెమటను భరించాలి. ఆ చిన్న యంత్రానికి రక్షణ కల్పించడానికి పాటుపడినవారిలో రోలెక్స్ సంస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ అగ్రగణ్యుడు.

ఆయన 1881 మార్చి 22వ తేదీన జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, కుల్మ్‌బాఖ్ పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయాడు. బంధువులు కుటుంబ వ్యాపారాన్ని అమ్మివేసి, పిల్లలను వసతి పాఠశాలలో చేర్పించారు. ఆస్తి పోయినా చదువు నిలిచింది. 1900లో స్విట్జర్లాండులోని లా షో ద ఫోన్ పట్టణంలో, గడియారాలు ఎగుమతి చేసే ఒక సంస్థలో ఆంగ్ల ఉత్తరప్రత్యుత్తరాలు చూసే గుమాస్తాగా ఆయన కుదిరాడు. అక్కడ ప్రతిదినం గడియారాలకు కీ ఇచ్చి, అవి సరిగా నడుస్తున్నవో లేవో పరిశీలించడం కూడా ఆయన విధుల్లో ఒకటి. పరీక్షించనిదే దేనినీ నమ్మరాదన్న పాఠం ఆయనకు అక్కడే అబ్బింది.

1905లో లండన్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి సొంత వ్యాపారం ప్రారంభించాడు. 1908లో రోలెక్స్ అన్న పేరును నమోదు చేయించాడు. చేతి గడియారం స్త్రీల ఆభరణమే తప్ప నమ్మదగిన యంత్రం కాదని లోకం చిన్నచూపు చూస్తున్న రోజులవి. విల్స్‌డార్ఫ్ ఆ లోకంతో వాదానికి దిగలేదు. తన గడియారాన్ని ఇంగ్లండులోని క్యూ పరిశోధనాలయానికి పంపాడు. అక్కడ 45 దినాలపాటు వివిధ స్థితులలో, వివిధ ఉష్ణోగ్రతలలో పరీక్షించి, 1914లో ఆ గడియారానికి ప్రథమశ్రేణి యోగ్యతాపత్రం ఇచ్చారు. చేతి గడియారానికి అంతటి గౌరవం దక్కడం అదే మొదలు. 1919లో ఆయన తన నివాసాన్నీ వ్యాపారాన్నీ జెనీవాకు మార్చుకొన్నాడు.

ఇక మిగిలింది నీటి సమస్య. గడియారంలోకి నీరు చొరబడడానికి ముఖ్యంగా మూడు దారులు ఉంటాయి: అద్దం అంచు, వెనుక మూత, కీ ఇచ్చే బొడిపె దూరే రంధ్రం. మొదటి రెండింటినీ మరలతో బిగించి మూయవచ్చు. మూడవదే కష్టం, ఎందుకంటే ప్రతిదినం ఆ బొడిపెను తిప్పక తప్పదు. పెరెగో, పెరె అనే ఇద్దరు స్విస్ నిపుణులు మరవలె బిగిసే బొడిపెకు పేటెంటు పొందారు. విల్స్‌డార్ఫ్ దాని విలువను గుర్తించి, హక్కులు కొని, మెరుగులు దిద్దించాడు. ఆ విధంగా 1926లో ఆయిస్టర్, అనగా ముత్యపుచిప్ప, అనే గడియారం వెలువడింది.

మరుసటి సంవత్సరమే దానికి పరీక్షాకాలం వచ్చింది. మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఆంగ్ల యువతి 1927 అక్టోబరు 7న ఇంగ్లిష్ ఛానల్‌ను ఈదింది. ఆ వెంటనే మరొక స్త్రీ తానూ ఈదానని అబద్ధమాడి, అది అబద్ధమని తానే ఒప్పుకోవడంతో గ్లైట్జ్ మీద కూడా అనుమానపు నీడ పడింది. తన సత్యాన్ని నిరూపించుకోవడానికి ఆమె అక్టోబరు 21న మళ్లీ నీటిలో దిగింది. విల్స్‌డార్ఫ్ ఇచ్చిన ఆయిస్టర్ ఆమె మెడలో ఉంది. పది గంటలకు పైగా ఈదిన తర్వాత, చలికి తాళలేని స్థితిలో ఆమెను పడవలోకి తీశారు. ఈత పూర్తి కాకపోయినా ఆమె ధైర్యాన్ని శంకించే అవకాశం ఎవరికీ మిగలలేదు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. నవంబరు 24న విల్స్‌డార్ఫ్ డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పుటనిండా ప్రకటన వేయించాడు. దుకాణాల అద్దాల వెనుక, చేపల తొట్లలో, గడియారాలను ముంచి చూపించాడు. ఇందులో వ్యాపార యుక్తి లేకపోలేదు. అయితే ఆ యుక్తి బహిరంగ పరీక్ష మీద ఆధారపడింది.

1931లో ఆయన సంస్థ, చేతి కదలికతో తానే కీ తీసుకొనే గడియారాన్ని తెచ్చింది. దానితో బొడిపెను దినదినం విప్పే అవసరం తగ్గి, నీటికి ఉన్న దారి మరింత మూతపడింది. 1953లో 100 మీటర్ల లోతుకు తగిన సబ్‌మెరీనర్ వచ్చింది. 1960 జనవరి 23న ట్రియెస్ట్ అనే జలాంతర నౌక పసిఫిక్ సముద్రంలో దాదాపు 11 కిలోమీటర్ల అడుగుకు దిగినప్పుడు, దాని వెలుపలికి కట్టిన ప్రత్యేకమైన రోలెక్స్ నడుస్తూనే పైకి వచ్చింది. అదే సంవత్సరం జులై 6న విల్స్‌డార్ఫ్ జెనీవాలో కన్నుమూశాడు. సంతానం లేని ఆయన, 1944లో భార్య మరణించిన పిమ్మట తన పేర ఒక ధర్మనిధిని నెలకొల్పి, సంస్థను దానికి అప్పగించాడు.

నేటి పరీక్షలు మరింత కట్టుదిట్టమైనవి. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ మేరకు యంత్రాలలో ఒత్తిడి కలిగిస్తారు. మునిగేవారి గడియారాలకు చెప్పిన లోతుకంటే నాలుగోవంతు అదనంగా కలిగిస్తారు. పిదప గడియారాన్ని వేడిచేసి, అద్దంపై చల్లని నీటిచుక్క వేస్తారు. లోపల ఆవిరి పట్టితే తేమ చేరినట్లే. విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ముఖంపై 30 మీటర్లని ఉన్నంత మాత్రాన దానితో ఈదవచ్చునని కాదు. ఆ గడియారం తుంపరలను, చేతులు కడిగేటప్పుడు పడే నీటిని మాత్రమే తట్టుకోగలదు. లోపలి రబ్బరు వలయాలు కాలక్రమాన గట్టిపడతాయి కనుక, మూత తెరిచినప్పుడల్లా మళ్లీ పరీక్షించవలసిందే. అందుకే నీరు చొరనిదన్న పాత మాటను విడిచి, నీటిని తట్టుకొనేదని మాత్రమే చెప్పడం నేటి ప్రమాణం.

నిన్న నెగ్గిన పరీక్ష రేపటికి హామీ కాదు. మణికట్టుపై ఉన్న యంత్రానికి ఎంతో, దానిని ధరించిన మనిషికీ అంతే.