చంటిపిల్ల తల్లి ఇంజనీరమ్మ అయింది

మా ఆలేరులో, మా వాడకట్టులోనే జరిగిన సంగతి ఇది. ఇరవై ఏళ్ళ పిల్ల. చేతిలో ఏడాది పాప. భర్త పోయి తల్లిగారింటికి వచ్చింది. సగంలో ఆగిన డిగ్రీ పూర్తి చేస్తానంది. ఇంట్లో పెద్దలంతా కూర్చున్నారు. కుట్టుమిషను కొనిస్తే సరిపోదా, పాపను వదిలి రోజూ రైల్లో భువనగిరి పోయిరావడం ఎట్లా కుదురుతుంది అన్నారు. నన్నూ పిలిచారు. చదువుకున్నదాన్ని కదా, పిల్లకు నచ్చజెబుతానని వాళ్ళ ఆశ.

నేను నచ్చజెప్పలేదు. అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి చెప్పాను.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో అయిదోది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. అయినా ఆ రోజుల తీరే కదా, పదిహేనో ఏటే పెళ్ళి చేశారు. 1937లో పాప పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండాయో లేదో భర్త పోయాడు. అప్పటికి లలితకు పద్దెనిమిదేళ్ళు.

ఆ కాలంలో వితంతువు బతుకు ఎట్లా ఉండేదో మన అమ్మమ్మలను అడిగితే తెలుస్తుంది. లలిత మాత్రం మూల కూర్చోలేదు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి ఫస్టు క్లాసులో పాసైంది. డాక్టరీ మంచిదే గానీ, అర్ధరాత్రి పిలుపొచ్చినా లేచి వెళ్ళాలి. పసిపిల్ల తల్లికి వేళకు ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. అందుకని తండ్రి, అన్నదమ్ములు నడిచిన ఇంజనీరింగ్ దారే పట్టింది.

గిండీలో అప్పటిదాకా ఆడపిల్ల అడుగు పెట్టింది లేదు. తండ్రి ప్రిన్సిపాల్ చాకో గారిని అడిగారు. పై అధికారుల అనుమతీ వచ్చింది. 1940లో లలిత ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరింది. చుట్టూ అందరూ మగపిల్లలే. వాళ్ళతో ఇబ్బంది లేకపోయినా హాస్టల్లో ఒంటరితనం బాధించింది. దాంతో మరికొందరు అమ్మాయిలను చేర్చుకోమని తండ్రి కాలేజీ వారికి చెప్పారు. అలా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ బ్రాంచికి వచ్చారు. లలిత వారమంతా హాస్టల్లో ఉండి, సెలవురోజున పాప దగ్గరికి పరుగెత్తేది.

1943లో ముగ్గురూ పాసయ్యారు. పట్టా కాగితం మీద అచ్చేసిన మాటలన్నీ మగవాళ్ళకోసమే. అందులో అతడు అన్న మాట కొట్టేసి, ఆమె అని చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది! మన దేశంలో మొట్టమొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు లలితే. తోటి విద్యార్థిని త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయింది.

తర్వాత లలిత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ పొందింది. సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం చేసింది. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. కరెంటు లైన్లకు, సబ్‌స్టేషన్లకు డిజైన్లు గీసింది. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. సిమ్లాలో ఒక అన్నదమ్ముడి ఇల్లు, కలకత్తాలో మరొకరి ఇల్లు. ఆమె ఆఫీసుకు వెళితే పాపను ఆ ఇంటివాళ్ళు చూసుకునేవారు.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు పిలుపొస్తే వెళ్ళింది. 1966లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పూర్తి సభ్యత్వమిచ్చింది. 1977లో రిటైరయింది. 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట కన్నుమూసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఇదంతా చెప్పి నేను ఒక్క మాటే అన్నాను. లలిత గారి తెలివి ఎంత గొప్పదైనా, ఆమె క్లాసులో ఉన్నంతసేపు పాపను ఎవరో ఒకరు ఎత్తుకున్నారు కాబట్టే ఆ తెలివి పనికొచ్చింది. పట్టా మీద వాళ్ళ పేర్లు లేవు, అంతే తేడా.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, పొద్దున పనంతా నా మీదే ఉంటుంది, పాపను ఎవరు పట్టుకుంటారని మెల్లగా అడిగింది. నేను పట్టుకుంటానన్నాను. అనేసి ఇంటికొచ్చాక కాస్త భయం వేసింది, వంటా రాతా ఏమైపోతాయోనని.

ఇప్పుడు మధ్యాహ్నం దాకా పాప మా ఇంట్లోనే ఉంటుంది. మొన్న నా కథ కాగితం ఒకటి నమిలేసింది. పోనీలెండి, కథ మళ్ళీ రాసుకోవచ్చు. వాళ్ళమ్మ ఈ ఏడాది పరీక్ష మాత్రం తప్పకూడదు.

మీ వాడకట్టులోనూ ఇట్లాంటి పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఒకసారి వెళ్ళి పలకరించి చూడండి.