ఇంటినే బడి చేసుకున్న బ్రౌన్ దొర

సి.పి. బ్రౌన్ దొర పేరు తెలుగు చదువుకున్నవారిలో విననివారు ఉండరు. నిఘంటువు వ్రాసినాయన, వేమన పద్యాలు వెదికి తీసి అచ్చు వేయించినాయన. అంతవరకు అందరికీ తెలిసిందే. మన సంఘం సావనీరులో తెల్లదొర జీవితం ఎందుకని సభ్యులలో కొందరు అడగవచ్చును. ఆయన పరాయి భాషను ఇంట్లో పెట్టుకుని పెంచిన తీరు మన ఇండ్లకు పనికివచ్చేది గనుక వ్రాస్తున్నాము. పైగా ఆయన చదువులో అరబీ, పారసీల పాలు తక్కువేమీ కాదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతగురువు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1800లో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవిలో ఉండేవారు. ఉర్దూ చదివినవారికి ఆ కాలేజీ కొత్త కాదు, మీర్ అమ్మన్ గారి ‘బాగ్ ఓ బహార్’ అక్కడ తయారైనదే. ఆ ఇంట్లో పిల్లలకు తండ్రే ఉస్తాదు. అరబీ, పారసీ, హీబ్రూ, హిందూస్తానీ అన్నీ ఆయన పట్టుబట్టి నేర్పించినవే. పరాయి భాష అంటే బడికి పోయి తెచ్చుకునే వస్తువు కాదని, ఇంట్లో అన్నంతోపాటు వడ్డించేదని ఆ పిల్లవానికి చిన్ననాడే అలవాటైంది. 1812లో తండ్రి పోయారు. కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో చదివి, కంపెనీ కొలువు సంపాదించి 1817 ఆగస్టులో మద్రాసులో దిగినారు.

అప్పటికి ఆయనకు తెలుగు ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర మొదలుపెట్టి 1820 జూన్‌లో పరీక్ష గట్టెక్కినారు. ఆ ఆగస్టులోనే కడపకు వేశారు. అక్కడి కలెక్టరు హాన్‌బరీ జనంతో ధారాళంగా తెలుగులో మాట్లాడే మనిషి. పరీక్ష తెలుగు వేరు, రైతు కచేరీకి వచ్చి గోడు చెప్పుకునే తెలుగు వేరు అనే సంగతి అలాంటి చోట తెలిసివచ్చినంతగా మరెక్కడా తెలియదు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్ళీ కడప చేరినారు. ఈ మధ్యలోనే, 1824లో, వేమన పేరు ఆయన కంటబడింది. 1829లో ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించినారు.

కడపలో తోటతో సహా బంగళా కొని దానిలో పండితులను పెట్టుకున్నారు. జీతాలు తన సొంత డబ్బుతో ఇచ్చారు, చాలక అప్పులూ చేశారు. ఒకరు తాటాకు ప్రతులు చదవడం, ఒకరు కాగితం మీద ఎక్కించడం, నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని ఏ మాట సరియైనదో వాదించుకోవడం, మధ్యలో దొర ప్రశ్నలు. దొరగారికి భార్యాబిడ్డలు లేరు. ఇంట్లో తెలుగు పలికే నోరు లేకపోతే నోళ్ళనే ఇంటికి తెచ్చుకున్నారన్నమాట. మా దృష్టిలో ఆయన రహస్యం జీతాలలో లేదు. ఆ ఇంట్లో తెలుగుకు ఒక పని ఉండేది. రోజూ దానితో పని జరగాలి గనుక అది నోట నిలిచింది.

మన ఊళ్ళో సంగతి చూద్దాము. 1933లో హార్బరు తెరిచిన తర్వాత, మరల 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన అయిన తర్వాత దేశం నలుమూలల వాళ్ళు విశాఖకు వచ్చి స్థిరపడ్డారు. మన జమాత్‌లోనే దక్కనీ ఉర్దూ వారు, మలయాళం వారు, అరవం వారు, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు ఉన్నారు. నానీ ఉర్దూలో పిలిస్తే మనవడు తెలుగులో పలుకుతాడు, మనవరాలు ఇంగ్లీషులో. ఉర్దూ మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు పాడవుతుందని తల్లులకు భయం. హజ్రత్ గంటసేపు వచ్చి ఖురాను చదివించి వెళతారు, అర్థం అడిగే పిల్లలు తక్కువ, చెప్పగలిగే పెద్దలు ఇంకా తక్కువ. పండితులను జీతానికి పెట్టుకునే స్తోమత మనకు లేదు, నిజమే. కాని బ్రౌన్ డబ్బు పెట్టి తెచ్చుకున్న మనిషి మన ఇండ్లలో వంటింటి గడప మీద ఊరికే కూర్చుని ఉంది. సంత చీటీ ఆమె చెప్పగా ఉర్దూలో వ్రాయమని పిల్లవాణ్ణి కూర్చోబెట్టవచ్చును గదా!

బ్రౌన్‌ను వలీ అని మేము చెప్పడం లేదు. కంపెనీ నౌకరు, పరిపాలన కోసం వచ్చినవాడు. కాని 1832-33 గుంటూరు కరువులో పైవాళ్ళు ఎద్దడి అని తేల్చివేస్తుంటే ఆయన కరువును కరువనే వ్రాసి ఆకలి జనానికి సాయపడినారు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్ళి మళ్ళీ వచ్చేటప్పటికి చేయి పట్టుకున్నది తండ్రి నేర్పిన పారసీయే. కంపెనీ ప్రభుత్వం పారసీని కచేరీల నుంచి తప్పిస్తున్న ఆ రోజులలోనే పారసీ అనువాదకుడిగా ఆయనకు కొలువు దొరికింది.

1852-54 మధ్య నిఘంటువులు వెలువడ్డాయి. తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు అందరూ ఎరిగినవే. మన వాళ్ళు చూడవలసినవి మరి రెండు. ఒకటి కచేరీ వ్యవహారంలో వాడే మాటలతో కూర్చిన జిల్లా నిఘంటువు, రెండోది తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు వ్రాసిన మిశ్రభాషా నిఘంటువు. వకీలు, హక్కు, జవాబు, దస్తావేజు, రాజీనామా వంటివి అరబీ పారసీల నుంచి వచ్చి తెలుగువాడి నోట తెలుగే అయిపోయిన మాటలు. వాటిని మైల అనుకుని తీసిపారవేయక జనం పలికినట్లే లెక్కలోకి తీసుకున్నారాయన. చిన్నప్పుడు ఇంట్లో అరబీ పారసీలు వినకపోతే వాటి మూలం ఆయనకు అంత తేలికగా చిక్కేది కాదు.

ఆరోగ్యం చెడి 1854లో ఉద్యోగం మానుకుని లండన్ చేరినారు. 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలోని బంగళా పాడుపడి మొండిగోడలు మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరివారిని కూడగట్టి, ఆ స్థలంలోనే బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించినారు. కడప వెళ్ళిన సభ్యులు పిల్లలను వెంటబెట్టుకుని చూసి రావచ్చును.