కదలని అసలు, ఆగని చదువు: జానకీ అమ్మాళ్ జీవితం

ప్రతి ఏడాది నివేదికలో లెక్కల పేజీలు అయ్యాక ఒక గొప్ప మహిళ జీవితం చెప్పుకోవడం మన సమాఖ్య ఆనవాయితీ. ఈసారి జానకీ అమ్మాళ్ గారిని ఎంచుకున్నాం. ఆవిడ మన తెలుగు ప్రాంతం మనిషి కాదు, పొదుపు సంఘాల కాలం మనిషీ కాదు. అయినా ఆవిడ కథలో ఒక మూలనిధి ఉంది. దాని సంగతి మన అక్కచెల్లెళ్లకు వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

జానకి 1897 నవంబరు 4న కేరళలోని తలస్సేరిలో పుట్టారు. తండ్రి సబ్ జడ్జి. మొక్కలన్నా పక్షులన్నా ఆయనకు ఎంతో ఇష్టం. వాళ్లది తియ్య కులం, ఆ రోజుల్లో తక్కువగా చూసేవాళ్లు. తోటి ఆడపిల్లలు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోతుంటే జానకి మద్రాసు వెళ్లి క్వీన్ మేరీస్ కాలేజీలో, ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పూర్తి చేసి, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. పై చదువు చదవాలంటే సముద్రం దాటాలి. దానికి డబ్బు కావాలి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో లీవై బార్బర్ అనే లాయరు ఉండేవారు. మిషిగన్ విశ్వవిద్యాలయం పాలకమండలిలో పనిచేశారు. ఆసియా దేశాలు తిరిగినప్పుడు, మిషిగన్‌లో డాక్టరు చదువు చదివి సొంత ఊళ్లకు తిరిగొచ్చి వైద్యం చేస్తున్న ఆడవాళ్లు ఆయన కంటబడ్డారు. ఒక ఆడపిల్లను చదివిస్తే ఎంతమందికి మేలు జరుగుతుందో అర్థమైంది. 1917లో ఆసియా మహిళల చదువు కోసం విశ్వవిద్యాలయంలో ఒక నిధి పెట్టారు. ఇలాంటి నిధుల్లో అసలు ముట్టరు. దాని మీద వచ్చే రాబడితోనే ఏటా కొందరికి ఫీజు, ఖర్చులు ఇస్తారు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కరలేదు. చదువుకున్నాక సొంత దేశం వెళ్లి తమవాళ్లకు ఉపయోగపడాలన్నదే ఆయన కోరిక.

ఆ బార్బర్ స్కాలర్‌షిప్ మీద జానకి 1924లో మిషిగన్ వెళ్లారు. మాస్టర్స్ చేసి మద్రాసు వచ్చి మళ్లీ పాఠాలు చెప్పారు. అదే నిధి నుంచి ఫెలోషిప్ రావడంతో తిరిగి వెళ్లి 1931లో డాక్టరేట్ సాధించారు. అమెరికాలో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి భారతీయ మహిళల్లో ఆవిడ ఒకరు.

దేశానికి వచ్చాక కొన్నాళ్లు తిరువనంతపురంలో ప్రొఫెసరుగా ఉన్నారు. 1934 నుంచి కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో పనిచేశారు. చెరకును రెల్లుగడ్డితో, జొన్నతో, మొక్కజొన్నతో కలిపి కొత్త సంకరాలు పుట్టించి, వాటి కణాల్లోని క్రోమోజోములు లెక్కపెట్టేవారు. ఏ మొక్కకు ఏ మొక్క చుట్టమో, ఏ రెండింటిని కలిపితే విత్తనం నిలుస్తుందో ఆ లెక్కే చెబుతుంది. చదువు ఎంత ఉన్నా, పెళ్లి కాని ఒంటరి మహిళ కావడం, కులం, ఈ రెండూ అక్కడ ఆవిడను ఇబ్బంది పెట్టాయి.

1939లో సమావేశానికని బ్రిటన్ వెళ్లారు. యుద్ధం వచ్చి అక్కడే ఉండిపోయారు. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో కూడా పని మానలేదు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల పట్టికను పెద్ద పుస్తకంగా తెచ్చారు. నెహ్రూ గారు పిలిస్తే 1951లో తిరిగొచ్చి, భారత వృక్ష సర్వే సంస్థను మళ్లీ నిలబెట్టే పని చేపట్టారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై దాటిన వయసులో కూడా, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే ఆనకట్ట వద్దని పోరాడినవాళ్లతో నిలబడ్డారు. 1984 ఫిబ్రవరి 7న కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో ఆ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇప్పుడు ఆవిడ పేరు మీదే కేంద్ర ప్రభుత్వం మొక్కల శాస్త్రంలో అవార్డు ఇస్తోంది. ఇంగ్లండులో ఆవిడ పనిచేసిన జాన్ ఇన్నెస్ సంస్థ పేద దేశాల విద్యార్థులకు స్కాలర్‌షిప్ పెట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సంఘాల్లో పిల్లల చదువుకు అప్పు ఇస్తున్నాం, మంచిదే. కానీ ఆడపిల్ల పేరు మీద అప్పు అనేసరికి, ఇంకో ఇంటికి పోయే పిల్లకు కిస్తీ ఎవరు కడతారని చాలా ఇళ్లలో ఇంటర్‌తోనే ఆపేస్తున్నారు. అప్పు చేయలేని పనిని ఒక నిధి చేయగలదు. ఏటా మిగులులో కొంత బ్యాంకులో డిపాజిట్ వేసి, అసలు కదపకుండా, వడ్డీతో ఒక్క అమ్మాయినైనా చదివిద్దామని మా ఆలోచన. మొదటి ఏడాది వచ్చే వడ్డీ ఒక పిల్ల హాస్టల్ ఖర్చుకు కూడా చాలకపోవచ్చు. అసలు పెరిగేకొద్దీ వడ్డీ పెరుగుతుంది, ఆ లెక్క మనకు తెలియనిది కాదు.

ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఎంపిక చేయాలి, చదువయ్యాక ఆ అమ్మాయి మన ఊళ్లకు ఏం చేయాలి, ఇవి అందరం కూర్చుని తేల్చుకోవాల్సినవి. సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ అంశం పెడుతున్నాం. గ్రామ సంఘాల్లో ముందే మాట్లాడుకుని, మీ తీర్మానం రాసుకుని రండి.