ఉయ్యాల లెక్క తేల్చిన లియపునోవ్

అట్లతద్ది ఉయ్యాల మనకెవరికి గుర్తుండదు! కదలకుండా కూర్చుంటే అది కాసేపటికి ఆగిపోతుంది. కదలకుండా నిలబడినా అంతే. కానీ చివరలకు వెళ్ళినప్పుడు కుంగి, మధ్యకు రాగానే లేస్తూ ఉంటే కొమ్మల దాకా లేస్తుంది. విడివిడిగా రెండూ నిలకడైనవే, మార్చే తీరులోనే ఉంది తంటా! ఇలా ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారే వాటిని ఇంజినీర్లు స్విచ్డ్ సిస్టమ్స్ అంటారు. గేర్లు మార్చుకునే మన కారూ అలాంటిదే. వీటి నిలకడ తేల్చే దారి చూపినవారు రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ లియపునోవ్.

ఆయన 1857లో యారోస్లావ్ల్‌లో పుట్టారు. తండ్రి ఖగోళ శాస్త్రవేత్త. పదకొండేళ్ళకే ఆ తండ్రి పోయారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మహా గణితవేత్త చెబిషెవ్ దగ్గర చదువుకుని, 1885లో ఖార్కివ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. మరుసటి ఏడు బంధువుల అమ్మాయి నతాలియాను పెళ్ళాడారు.

1892లో ఆయన డాక్టరేట్ థీసిస్ వచ్చింది. కదలికల సమీకరణాలను పూర్తిగా సాధించడం చాలాసార్లు అసాధ్యం. లియపునోవ్ ఏమన్నారంటే, సాధించక్కర్లేదు, శక్తిలాంటి ఒక కొలత వెతకండి. గిన్నెలో వేసిన గోలీ శక్తి తగ్గుతూ తగ్గుతూ అడుగున ఆగినట్టు, ఆ కొలత ఎప్పుడూ తగ్గుతూనే ఉంటే నిలకడ ఖాయం. అదే లియపునోవ్ ఫంక్షన్.

1901లో ఆయన రష్యా సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. 1917లో క్షయతో బాధపడుతున్న భార్యను తీసుకుని ఒడెస్సా చేరారు. 1918 అక్టోబర్ 31న ఆమె కన్నుమూశారు. ఆ రోజే ఆయన తుపాకీతో కాల్చుకున్నారు. మూడు రోజులకు, నవంబర్ 3న, 61 ఏళ్ళ వయసులో పోయారు. భార్య పక్కనే సమాధి చేయమని చీటీ రాసిపెట్టారు.

ఆయన పద్ధతిని 1960లో కాల్మన్, బెర్ట్రామ్‌లు అమెరికా ఇంజినీర్లకు పరిచయం చేశారు. స్విచ్డ్ లీనియర్ సిస్టమ్స్‌లోనూ అదే ఆధారం. అన్ని పద్ధతుల్లోనూ ఒకే కొలత తగ్గుతూ ఉంటే, ఎప్పుడు ఎలా మార్చినా భయం లేదు. అలాంటి ఉమ్మడి కొలత దొరకకపోతే, విడివిడిగా నిలకడైన ఒక్కో పద్ధతిలో తగినంత సేపు ఉండనిచ్చి మార్చాలి. మన ఉయ్యాలకు ఆ ఉమ్మడి కొలత లేదు, అందుకే అంత ఎత్తుకు లేస్తుంది!

సొంత బతుకులో ఒక్క దెబ్బకు కూలిపోయిన మనిషి ఆయన. కానీ యంత్రాలు అదుపు తప్పకుండా చూసే లెక్క మనకు ఇచ్చి వెళ్ళారు.