మంచులో తెరిచిన తలుపు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే బెజవాడలో కూర్చుని ధ్రువపు మంచు గురించి రాస్తున్నానంటే మిత్రులు నవ్వుతారని తెలుసు. నవ్వండి గాని, చివరిదాకా చదవండి.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861లో నార్వేలో పుట్టాడు. జంతుశాస్త్రం చదివాడు. 1888లో ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండ్ మంచుమైదానాన్ని తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి దాటాడు. తర్వాత ఫ్రామ్ అనే వింత ఓడ కట్టించాడు. సీతాఫలం గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే జారినట్టు, మంచు నొక్కితే పగలకుండా పైకి లేచేలా దాని అడుగు గుండ్రంగా ఉంటుంది. కావాలనే దాన్ని మంచులో ఇరికించి, ప్రవాహంతో పాటు ధ్రువం వైపు సాగాలని ఆయన ఆలోచన.

ఆ యాత్రలో తననూ చేర్చుకోమని ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఇంగ్లీషువాడు అడిగాడు. ఇది నార్వేవాళ్ళ యాత్ర, పరాయివాళ్ళకు చోటు లేదని నాన్సెన్ కాదన్నాడు. ధ్రువం అంటే ఆ రోజుల్లో దేశాల మధ్య పరుగుపందెం మరి!

1893లో ఓడ బయలుదేరింది. 1895 మార్చిలో నాన్సెన్, జొహాన్సెన్ ఓడ దిగి కుక్కబండ్లతో నడక సాగించారు. 86 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశం దాకా వెళ్ళారు. అంతకు ముందు అంత ఉత్తరానికి ఎవరూ పోలేదు. వెనక్కి తిరిగి ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో చిక్కుకుపోయారు. రాళ్ళ గుడిసె మీద వాల్రస్ తోళ్ళు కప్పుకుని, ఎలుగుబంటి మాంసం తింటూ చలికాలమంతా గడిపారు. 1896 జూన్‌లో ఒకనాడు కుక్క మొరిగిన చప్పుడు! పరుగున వెళితే ఎదురైన మనిషి ఎవరనుకున్నారు? ఆ జాక్సనే. మసిబారిన ఆ మొహాన్ని గుర్తుపట్టి, తిండీ పడకా ఇచ్చి, తన యాత్ర ఓడలోనే నార్వేకు పంపించాడు.

తర్వాతి నాన్సెన్‌ను చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, నానాజాతి సమితి తరఫున 4 లక్షలకు పైగా యుద్ధఖైదీలను ఇళ్ళకు చేర్చాడు. 1921లో రష్యాలో కరువొస్తే, బోల్షెవిక్కులకు బలం చేకూరుతుందని ప్రభుత్వాలు సాయానికి వెనకాడాయి. ఆయన జనాన్నే అడిగి విరాళాలు పోగుచేశాడు. దేశం లేని శరణార్థులకు 1922లో నాన్సెన్ పాస్‌పోర్టు వచ్చింది. అదే ఏడు నోబెల్ శాంతి బహుమతి వస్తే ఆ డబ్బూ సహాయానికే ఇచ్చేశాడు. ఏ జెండావాడని అడగటం మానేసిన మనిషి అనిపిస్తాడు నాకు.

1930లో ఆయన పోయాడు. మరుసటి ఏడే, ఆయన అధ్యక్షత వహించిన ధ్రువ పరిశోధన సంఘం పూనికతో, జర్మన్ గాలి ఓడ గ్రాఫ్ జెప్పెలిన్‌లో జర్మన్లు, రష్యన్లు, అమెరికన్, స్వీడన్ శాస్త్రజ్ఞులు కలిసి అవే దీవుల మీదికి ఎగిరారు. 1959లో అమెరికా, సోవియట్ రష్యాలతో సహా 12 దేశాలు అంటార్కిటికా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1983లో మన దేశమూ చేరింది. ఇలాంటి స్నేహాలు గట్టివేమీ కావు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆర్కిటిక్ మండలిలో మిగతా ఏడు దేశాలూ రష్యాతో పని ఆపేశాయి. మళ్ళీ ఎవరో ఒకరు తలుపు తియ్యాలి.

ఇక నా సంగతి. కాలేజీ నాటకంలో వేషం అడిగిన ఓ కుర్రాణ్ణి, వాడు అవతలి జట్టువాడని కాదన్నాను. మాటలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచితే రెండు రోజులు మేడమీదే ఉన్నాం. పాలప్యాకెట్లతో మా ఇంటి ముందుకు వచ్చిన పడవలో వాడే ఉన్నాడు. నన్ను చూసి కూడా, ముందు మా నాయనమ్మకు చెయ్యి అందించాడు.

ఆ రోజు వాడికి క్షమాపణ చెప్పలేదు, నోరు రాలేదు. ఒరేయ్, ఇది చదువుతున్నావని తెలుసు. ఈ ఏడు నాటకంలో నీకు వేషం ఉంది. రా.