యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) సుప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, హెట్రజాన్ వంటి ఔషధములు ఆయన నాయకత్వములో రూపొందినవి.

బాల్యము, విద్య

ఆయన భీమవరములో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి మరణముతో కుటుంబము ఇక్కట్ల పాలైనది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నములో గాని గట్టెక్కలేదు. సన్యసించి రామకృష్ణ మఠములో చేరదలచాడు గాని తల్లి సమ్మతించలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురికాగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కినది.

సంగ్రహణి వ్యాధి

సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనబడే ఉష్ణమండల సంగ్రహణికి బలయ్యారు. తరువాత అదే వ్యాధి సుబ్బారావుకూ సోకినది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు.

వరుస దుఃఖములే ఆయనను రోగిని చేశాయనుకోవడము సులభము, కాని సరికాదు. దిగులు, ఆందోళన ఆకలిని మందగింపజేసి ప్రేవుల కదలికను మార్చగలవు. స్ప్రూ అటువంటిది కాదు. ఇందులో చిన్న ప్రేవు లోపలి పొర దెబ్బతిని, తిన్న ఆహారము ఒంటబట్టదు. నీళ్ళ విరేచనములు, నాలుక పూత, రక్తహీనత కలుగుతాయి. అయితే సంబంధము ఎదురు దిశలోనూ నడుస్తుంది. ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను లోపించినపుడు నిస్సత్తువ, చిరాకు, క్రుంగుబాటు తలెత్తవచ్చును. ఆయన వైరాగ్యమునకు మాత్రము ఇది కారణము కాదు. అది రోగమునకు పూర్వమే ఉన్నది.

అమెరికాలో పరిశోధనలు

భార్య శేషగిరిని స్వదేశములో విడిచి ఆయన అమెరికా వెళ్ళాడు. అక్కడ ఉండగా, తాను కన్నులారా చూడని పసికుమారుడు మరణించాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1930లో హార్వర్డు నుండి పి.హెచ్.డి. పొంది, 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు.

1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆయన ఆధ్వర్యములో బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. నేడు ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ ఆమ్లమునే, టెట్రాసైక్లిన్ జాతి మందులతో కలిపి వాడుచున్నారు. సోదరులు మరణించిన నాటికి ఈ రెండును లేవు.

సుబ్బారావు మరల భారతదేశము చూడలేదు. న్యూయార్కులో గుండెపోటుతో మరణించాడు.